విస్సన్న చేతి ఉప్పు

కాకినాడ జగన్నాథపురంలో విస్సన్న అనే పెళ్ళివంటల మేస్త్రి ఉండేవాడు. ఆయనకి అన్ని విద్యలూ వచ్చు, ఒకరిని అడిగి తెలుసుకోవడం ఒక్కటే రాదు.

వెయ్యి మందికి వండినా విస్సన్న ఉప్పు కొలిచేవాడు కాదు. గుండిగ మీదికి వంగి, ఆవిరిని మొహానికి తగలనిచ్చి, కల్లుప్పు గుప్పెళ్ళతో విసిరేవాడు. విసిరాక రుచి చూసేవాడు కాదు. ఇంకొకరిని చూడనిచ్చేవాడూ కాదు. "గరిటెతో చూసుకునేవాడు వంటవాడు. చేత్తో తెలుసుకునేవాడు మేస్త్రి" అనేవాడు. చిక్కేమిటంటే, ఆ చెయ్యి నిజంగానే తప్పేది కాదు. తప్పని చెయ్యి ఉన్న మనిషికి నచ్చజెప్పడం ఎవరి తరం?

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. కొత్తగా పనికి చేరినవాడు ఆరు నెలలదాకా గరిటె ముట్టుకోకూడదు. బియ్యం కడగాలి, కూరలు తరగాలి, మిగతా టైమంతా పొయ్యి పక్కన నిలబడి చూడాలి. "ముందు చూడ్డం నేర్చుకో. చెయ్యడం దానంతటదే వస్తుంది" అని చెప్పేవాడు. ఆ మాట ఎన్ని వందలసార్లు చెప్పాడో ఆయనకే లెక్క లేదు. చెప్పిన మాటని తను ఒక్కసారైనా విన్నాడా అన్నది వేరే సంగతి.

విస్సన్న బృందంలో రుబ్బే పనంతా నూకరత్నానిది. ఇరవై ఏళ్ళుగా ఆమే రుబ్బుతోంది. సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ నాన్న మళ్ళలోకి సముద్రపు నీళ్ళు పెట్టి, ఎండకి ఆరబెట్టి, ఉప్పు పండించేవాడు. నూకరత్నం తక్కువ మాట్లాడేది. మాట్లాడితే మాత్రం అది పిండిలో రాయిలా తగిలేది.

విస్సన్న ఎదురింట్లో జుబేదా మేడం ఉండేది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఒకరోజు విస్సన్న పెళ్ళిలో మిగిలిన బూరెలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. ముందుగదిలో మంచమంత గాజు తొట్టి కనిపించింది. లోపల నీలం వెలుతురు. రాళ్ళ మీద చేతివేళ్ళున్న పువ్వొకటి గాలిలో ఊగినట్టు నీళ్ళలో ఊగుతోంది. తెల్లచారల నారింజ రంగు చేప ఒకటి ఆ పువ్వు మధ్యలో పడుకుని ఉంది.

"ఇదేంటి మేడం! పువ్వులో చేప కాపురం ఉందేంటి?"

"అది పువ్వు కాదు మేస్త్రిగారూ, అదీ ఒక జంతువే. ఆ వేళ్ళు మిగతా చేపల్ని కుడతాయి. బేగంని మాత్రం కుట్టవు. ఇది సముద్రపు నీళ్ళ తొట్టి."

చేప పేరు బేగం. విస్సన్న అరగంట దాని ముందు నిలబడ్డాడు. బూరెల గిన్నె అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చాడు. వారం తిరక్కుండా ఆయన హాల్లోనూ ఒక గాజు తొట్టి వెలిసింది.

జుబేదా మేడం వచ్చి చూసింది. "బాగుందండి. కానీ తొందరపడకండి. నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి, రాళ్ళు పెట్టి, ఆరు వారాలు అలా వదిలెయ్యండి. చేపలు ఆ తర్వాతే" అంది.

"ఆరు వారాలు ఖాళీ తొట్టి చూస్తూ కూచోమంటారా?"

"ఖాళీ కాదండి. కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆ రాళ్ళలో చేరాలి. చేపల మురికిని శుభ్రం చేసేది అవే. అవి లేకుండా చేపల్ని దింపడమంటే, అంట్లు తోమేవాళ్ళు లేకుండా వెయ్యి మందికి వడ్డన మొదలుపెట్టడమే."

విస్సన్నకి పోలిక నచ్చింది. విషయం నచ్చలేదు.

మేడం ఆయన చేతిలో చిన్న గొట్టం పెట్టింది. "దీని మీద ఒక చుక్క నీళ్ళు వేసి, వెలుతురు వైపు పెట్టి చూడండి. నీళ్ళలో ఉప్పెంతో లోపల గీత చూపిస్తుంది. ముప్పై అయిదు ఉండాలి."

విస్సన్న అలాగేనన్నాడు. ఆవిడ గుమ్మం దాటగానే నవ్వాడు. ఉప్పు చూడ్డానికి తనకి గొట్టం! దాన్ని తీసుకెళ్ళి వంటింట్లో మెంతుల డబ్బా వెనకాల పెట్టాడు.

తర్వాత పంచాంగం తీశాడు. ఆరు వారాల తర్వాతంటే మూఢం నడుస్తూ ఉంటుంది. మూఢంలో శుభకార్యాలే ఉండవు, కొత్త తొట్టిలో కొత్త చేపల్ని దింపడం ఎలా? ఈ గురువారం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకి మాత్రం దివ్యమైన ముహూర్తం ఉంది.

ఇంకేముంది! గురువారం వచ్చింది. వీధిలో కొబ్బరికాయ కొట్టారు. తొట్టి అద్దానికి నాలుగు మూలలా పసుపు బొట్లు పెట్టారు. ఉప్పు సంచీలోంచి గుప్పెళ్ళు తీసి విస్సన్న సభాముఖంగా నీళ్ళలోకి విసిరాడు. సరిగ్గా పది నలభై రెండుకి, విశాఖపట్నం నుంచి తెప్పించిన అయిదు చేపల్ని సంచులు కోసి వదిలాడు. ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టి, పులిహోర తిని వెళ్ళారు.

ఆదివారం నాటికి నీళ్ళు కుడితిలా తయారయ్యాయి. అయిదు చేపలూ పోయాయి.

"దిష్టి" అన్నాడు విస్సన్న. నిమ్మకాయా మిరపకాయలూ దండ గుచ్చి తొట్టికి వేలాడదీశాడు.

మినుములు చేట్లో పోసుకుని చెరుగుతున్న నూకరత్నం తలెత్తింది. "ఇప్పుడెందుకండీ? దిష్టి తగలడానికి లోపల ఎవరూ లేరుగా!"

అప్పుడే మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు. కొత్త చేపల్ని తేవడానికి ముహూర్తాలూ లేవు. జుబేదా మేడం తన గొట్టంతో చూసి ఉప్పు సరిచేసి, నాలుగు నత్తల్ని వేసి వెళ్ళింది. రెండు నెలలు ఆ తొట్టి జోలికి ఎవరూ పోలేదు. మేడం చెప్పిన ఆరు వారాలు అలా మూఢం పుణ్యమా అని గడిచిపోయాయి. నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి. విస్సన్న దాన్ని చూసి, "చెప్పానా? ముహూర్తబలం ఎక్కడికి పోతుంది!" అన్నాడు.

మే నెలలో జుబేదా మేడం మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గరే కాసేపు నిలబడింది.

"మా ఇంటి ఓనరు గచ్చంతా తవ్వి టైల్స్ వేయిస్తున్నాడండి. ఇరవై రోజులు పడుతుంది. నేను పిఠాపురంలో మా అన్నయ్య ఇంట్లో ఉంటాను. మిగతా చేపల్ని కాలేజీ లాబ్‌లో పెట్టేశాను. అక్కడ ఇంక చోటు లేదు. బేగంనీ, దాని పువ్వునీ మీ తొట్టిలో ఉంచనా?"

"అదెంత మాట మేడం!"

"అది నా దగ్గర పదకొండేళ్ళుగా ఉందండి. మా అమ్మ పోయాక సాయంత్రం ఇంటికొచ్చి నేను పలకరించేది దాన్నే. ఎండాకాలం కదా, రోజూ నీళ్ళు తగ్గుతాయి. తగ్గినంత మంచినీళ్ళు పొయ్యండి. గొట్టంతో రోజూ ఒకసారి చూడండి. అనుమానం వస్తే ఫోన్ చెయ్యండి."

"మీరు నిశ్చింతగా వెళ్ళండి. వెయ్యి విస్తళ్ళు చూసుకునేవాణ్ణి, ఒక్క చేపని చూసుకోలేనా?"

మేడం నీళ్ళూ ఉప్పూ సరిచూశాక బేగం కొత్తింట్లోకి దిగింది. పువ్వు ఒక రాతిని పట్టుకుని వేళ్ళు విప్పుకుంది. మేడం అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

రెండో రోజుకే నీళ్ళు రెండు వేళ్ళు తగ్గాయి. విస్సన్న ఫిల్టరు నీళ్ళ జగ్గు పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు. చెయ్యి ఆగిపోయింది. సముద్రంలో మంచినీళ్ళు ఎవరైనా పోస్తారా? మేడం బెంగలో ఉండి ఏదో అనబోయి ఏదో అని ఉంటుంది. పెద్దమనసు చేసుకుని ఆవిడ పొరపాటుని తనే దిద్దాడు. బకెట్లో ఉప్పు కలిపి, ఆ నీళ్ళు పోశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

పప్పు రుబ్బడానికి వచ్చిన నూకరత్నం అది చూసింది.

"మేస్త్రిగారూ, ఉప్పునీళ్ళు పోస్తున్నారేంటండి?"

"ఉప్పునీళ్ళ చేపకి ఉప్పునీళ్ళు కాక పన్నీరు పొయ్యమంటావా?"

"అది కాదండి. మా ఉప్పుమళ్ళలో ఏంటంటే..."

"మీ ఉప్పుమళ్ళ సంగతి తర్వాత. మినప్పప్పు నానిందా?"

"నానిందండి."

"రుబ్బు."

నూకరత్నం రుబ్బింది.

పదో రోజుకి పువ్వు వేళ్ళు పొట్టివయ్యాయి. ఎండకి వాడిందనుకున్నాడు విస్సన్న. పద్నాలుగో రోజుకి అది ముడుచుకుని జామకాయంత అయింది. బేగం దానిలో పడుకోవడం మానేసి, ఒక మూల నీళ్ళ పైభాగంలో నిలబడి ఎగశ్వాస తీస్తోంది. దిగులుగా ఉన్న ప్రాణికి వంటవాడికి తెలిసిన మందు ఒక్కటే. విస్సన్న మేత రెట్టింపు చేశాడు. బేగం ముట్టుకోలేదు.

ఆ రోజు ఆయన వంటింట్లోకి వెళ్ళి మెంతుల డబ్బా వెనకనుంచి గొట్టం తీశాడు. తువ్వాలుతో దుమ్ము తుడిచాడు. ముప్పై అయిదు చూపిస్తే సరే. చూపించకపోతే? ముప్పై ఏళ్ళుగా తప్పని చెయ్యి ఒక గొట్టం ముందు తప్పవుతుంది. గొట్టాన్ని మళ్ళీ డబ్బా వెనక పెట్టేశాడు.

సాయంత్రం ఫోన్ మోగింది.

"బేగం ఎలా ఉంది మేస్త్రిగారూ?"

"మహారాణిలా ఉందండి."

ఊరందరికీ భోజనం పెట్టే మనిషికి ఆ పూట అన్నం సహించలేదు.

పదిహేడో రోజు పెద్ద పెళ్ళి. ముహూర్తం ఉదయం తొమ్మిదింటికి. మగపెళ్ళివారి బస్సు దారిలో టైరు పంక్చరై నిలిచిపోయింది. ముహూర్తం దాటకుండా పెళ్ళికొడుకుని కారులో తెచ్చి తాళి కట్టించారుగానీ, భోజనాలకి మాత్రం బస్సు రావాల్సిందే. గుమ్మడికాయ పులుసు పొయ్యి మీద గంటన్నర అదనంగా మరిగింది. గుండిగలో జానెడు తగ్గిపోయింది.

పక్కన ఇంకో గుండిగలో చింతపండు రసం ఉంది. రెండో వాయికని ఉప్పు కూడా సరిపెట్టి ఉంచారు. ఇరవై ఏళ్ళలో ఏనాడూ పొయ్యి దగ్గరికి రాని నూకరత్నం లేచి, ఆ రసంలో చెంబు ముంచి, పులుసు వైపు నడిచింది. త్వరగా కూడా నడవలేదు.

"ఏయ్, ఆగు!" విస్సన్న కేకేశాడు. "ఏం చేస్తున్నావు?"

"పులుసు తగ్గింది కదండీ. పులుసులోకి పులుసే పోస్తన్నాను."

"మతి పోయిందా నీకు? తగ్గింది నీళ్ళు! ఉప్పు ఎక్కడికి పోతుంది, ఆవిరై ఎగిరిపోతుందా? ఉన్నదంతా దాన్లోనే కూచుంది. మళ్ళీ ఉప్పేసిన రసం పోస్తే నోట్లో పెట్టగలరా? వేణ్ణీళ్ళు పొయ్యి, ఉత్త వేణ్ణీళ్ళు!"

"ఓహో" అంది నూకరత్నం. చెంబు కింద పెట్టింది. "ఉప్పుమడిలో నిలబడి మా నాన్న కూడా ఇదే అనేవోడండి. ఎండ నీళ్ళని తాగుద్దిగానీ ఉప్పు జోలికి పోదని. ఆ రోజు చెప్దారనుకున్నాను. మీరు పప్పు రుబ్బమన్నారు."

గాల్లోకి లేచిన విస్సన్న చెయ్యి అక్కడే ఉండిపోయింది. పొయ్యి ముందు ఆయనకి చెమట పట్టడం కొత్త కాదుగానీ, ఈ చెమట వేరు.

"రత్నం..." అన్నాడు. బయటికి నడుస్తూ, "వడ్డన నువ్వు చూసుకో" అన్నాడు. నడుముకి కట్టిన తువ్వాలుతోనే ఆటో ఎక్కాడు.

ఇంటికొచ్చి గొట్టం తీశాడు. చుక్క వేసి కిటికీ వైపు పెట్టి చూశాడు. నలభై నాలుగు. కళ్ళు తుడుచుకుని చూశాడు. నలభై నాలుగు. రెండో కంటితో చూశాడు. గొట్టానికి ఆయన ముప్పై ఏళ్ళ అనుభవం మీద ఏమాత్రం గౌరవం లేదు.

ఫిల్టరు నీళ్ళ బిందె ఎత్తాడు. మొత్తం కుమ్మరించెయ్యాలని తొట్టి మీదికి వంచబోయాడు. వంచేముందు బేగం వైపు చూశాడు. అది మూలనుంచి ఆయన వైపే చూస్తోంది. తనకి తెలుసనుకుని చేసిన ప్రతి పనీ దాన్ని ఇక్కడిదాకా తెచ్చింది. బిందె ఒక చేత్తో పట్టుకునే రెండో చేత్తో ఫోన్ తీశాడు.

"మేడం, మీకు అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా అంతా చెప్పేశాడు.

అవతల మేడం, "మీ చేతిలో ఇప్పుడేముంది?" అని అడిగింది.

"బిందె ఉందండి."

"కింద పెట్టండి. ఒక్కసారిగా పోస్తే ఇప్పటిదాకా ఓర్చుకున్న ప్రాణం కాస్తా పోతుంది. తొట్టిలోంచి ఒక చెంబు తియ్యండి, ఒక చెంబు మంచినీళ్ళు పొయ్యండి. మళ్ళీ గంట ఆగి ఇంకో చెంబు. రోజుకి రెండు గీతలకి మించి దిగకూడదు. నేను బయల్దేరుతున్నాను."

సాయంత్రానికల్లా ఆవిడ వచ్చింది. ఒక్క మాట కూడా కోప్పడలేదు. కోప్పడితే విస్సన్నకి కాస్త ప్రాణం తెరిపిన పడేది. పువ్వు రాతిని వదిలేసి నీళ్ళలో తేలుతోంది. మేడం చెయ్యి పెట్టి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఎండిన ఉసిరికాయలా ఉంది.

"ఈ పువ్వుకి ఎనిమిదేళ్ళు" అంది. అంతే అంది.

బేగం మాత్రం ఆ రాయి చుట్టూ తిరుగుతూనే ఉంది. ఇల్లున్న చోట ఇల్లు లేదు. వెళ్ళడం, చూడటం, మళ్ళీ వెనక్కి రావడం.

ఆ తర్వాత అయిదు రోజులు విస్సన్న పీట వేసుకుని తొట్టి ముందు కూచున్నాడు. రెండు పెళ్ళిళ్ళ వంట ఇంకో మేస్త్రికి ఒప్పజెప్పి, వడ్డన నూకరత్నానికి అప్పగించాడు. గంటకో చెంబు తీశాడు, గంటకో చెంబు పోశాడు. గొట్టంలో చూసిన అంకె గోడ మీది క్యాలెండర్లో రాశాడు. నలభై రెండు. నలభై. ముప్పై ఎనిమిది. ఆరు వారాలు ఆగలేక పంచాంగం తిరగేసిన మనిషి, గీత ఒక వెంట్రుకవాసి దిగడం కోసం పొద్దస్తమానం కాచుకున్నాడు.

మూడో రోజు మేడం అడిగింది. "మీ దగ్గర మట్టి మూకుడు ఉందా? నూనె తగలనిది కావాలి."

విస్సన్న కొత్త మూకుడు కడిగి తెచ్చాడు. మేడం దాన్ని రాయి పక్కన ఏటవాలుగా ఆనించింది. బేగం ఆ రోజు దాని వైపు వెళ్ళలేదు. నాలుగో రోజు దగ్గరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. అయిదో రోజు అంకె ముప్పై అయిదు దగ్గర నిలిచింది. ఆ సాయంత్రం బేగం మూకుడు లోపలికి వెళ్ళి, ఒక చుట్టు తిరిగి, ఒత్తిగిలి పడుకుంది.

విస్సన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిలో ఉప్పెంతో మాత్రం ఎవరూ కొలవలేదు.

టైల్స్ పని అయ్యాక మేడం బేగంని మూకుడితో సహా తీసుకెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది. "మేస్త్రిగారూ, మీ దగ్గర చేరినవాళ్ళు ఎన్నాళ్ళదాకా గరిటె ముట్టుకోకూడదు?"

"ఆరు నెలలండి."

"మరి ఈ పనిలో మీరు గరిటె ఎప్పుడు పట్టారు?"

విస్సన్న తల వంచుకున్నాడు. "గురువారం పది నలభై రెండుకండి."

మేడం మొదటిసారి నవ్వింది. నవ్వి, "రేపు రండి. కొత్త పువ్వు తెచ్చేదాకా ఏమీ చెయ్యక్కర్లేదు, కూచుని చూద్దురుగాని" అంది. విస్సన్న మర్నాడే వెళ్ళాడు. ఆ పైన ప్రతి ఆదివారం వెళ్ళాడు. తన తొట్టిని మాత్రం ఆరు నెలలు ముట్టుకోలేదు.

ఇప్పుడు కొత్తగా పనికి ఎవరు చేరినా ముందు ఈ కథే చెబుతాడు. "నాలాంటి ప్రజ్ఞావంతుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. అయిదు చేపల్ని ముహూర్తం పెట్టి మరీ చంపాను. ఎనిమిదేళ్ళ ప్రాణాన్ని ఊరగాయ వేశాను" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. ఆయన రెండో వాక్యం దగ్గర నవ్వడు.

బేగం తన ఇంటికి వెళ్ళాక వచ్చిన మొదటి పెళ్ళిలో ఒక వింత జరిగింది. విస్సన్న ఎప్పట్లాగే గుండిగ మీదికి వంగి ఉప్పు విసిరాడు. విసిరి ఊరుకోలేదు. గరిటెతో పులుసు తీసి, ఊదుకుంటూ, రుబ్బే చోటికి నడిచాడు. గరిటెని నూకరత్నం ముందు పట్టుకున్నాడు. వంటశాలలో కత్తిపీటల చప్పుడు ఆగిపోయింది.

"ఉప్పు చూడు" అన్నాడు.

"నేనా?"

"నువ్వే."

నూకరత్నం చెయ్యి కడుక్కుంది. అరచేతిలో పోయించుకుని నాలుక మీద వేసుకుంది. ఏం తొందరపడలేదు. ఇరవై ఏళ్ళు ఆగిన మనిషికి తొందరేముంటుంది?

"బాగుందండి" అంది.

"నిజం చెప్పు."

"కాస్త తగ్గిందండి."

విస్సన్న వెనక్కి వెళ్ళి ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టాడు. గుప్పిట బిగించబోయి ఆగాడు. తల తిప్పి, అందరూ వినేలా, "ఎంత వెయ్యమంటావు?" అని అడిగాడు.

ఈ కథలోని నీతి: ఎంతటి పనిమంతుడైనా కొత్త పని ముందు మొదటి రోజు శిష్యుడే, అక్కడ ఆగడానికీ, కొలవడానికీ, తెలిసినవాళ్ళని అడగడానికీ చిన్నతనపడితే, గర్వం మనదే అయినా నష్టం మనల్ని నమ్ముకున్న ప్రాణానిది.